బైక్ ట్యాక్సీ నడపాలనుకుంటున్నారా? యాప్ ఆన్ చేసే ముందు నుంచి మానేసే రోజు దాకా ఏం చేయాలి

గ్రూప్స్ కోచింగ్ కోసం అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకున్నవాళ్లు, అమీర్‌పేట్‌లో కోర్సు చేస్తూ ఇంటి నుంచి వచ్చే డబ్బులు చాలనివాళ్లు, ఊళ్లో పని లేని నెలల్లో సిటీకి వచ్చేవాళ్లు. హైదరాబాద్‌లో బైక్ ట్యాక్సీ ఎక్కినప్పుడు ముందు కూర్చున్న కుర్రాడితో మాట కలిపితే ఎక్కువగా వీళ్లే. ఇంటర్వ్యూ లేదు, రికమండేషన్ అక్కర్లేదు. ఒక బండి, ఒక లైసెన్స్, ఒక స్మార్ట్‌ఫోన్ ఉంటే చాలు, రెండు మూడు రోజుల్లో పనిలో పడొచ్చు. అంత సులువు కాబట్టే చాలామంది అడగాల్సినవి అడక్కుండా దిగిపోతారు.

యాప్ కంపెనీ మీకిచ్చేది ఆర్డర్. బండి మీది, పెట్రోలు మీది, టైర్లు మీవి, చలాన్ వచ్చేది మీ నంబర్ మీదే, పడితే విరిగేది మీ చెయ్యే. జీతం లేదు, పీఎఫ్ లేదు. కాబట్టి దీన్ని ఉద్యోగంలా కాకుండా సొంత చిన్న వ్యాపారంలా చూడండి. కాగితాలు, లెక్కలు ముందు సరిచూసుకుంటే ఇది చేతి ఖర్చులకు, ఒక్కోసారి ఇల్లు గడవడానికి కూడా పనికొచ్చే పనే. చూసుకోకపోతే ఒక్క యాక్సిడెంట్‌తో ఏడాది సంపాదన పోతుంది.

1. ముందు మీ రాష్ట్రంలో రూల్ ఏంటో తెలుసుకోండి

డబ్బు తీసుకుని మనిషిని ఎక్కించుకునే బండి ట్రాన్స్‌పోర్ట్ వాహనం కిందికి వస్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 66వ సెక్షన్ ప్రకారం దానికి పర్మిట్ కావాలి. ప్లేటు కూడా పసుపు రంగులో ఉండాలి. పర్మిట్ లేకుండా తిప్పితే 192ఎ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అని రాసి ఉంది. ఇక రోడ్డు మీద చూస్తే యాప్‌లో తిరిగే బైకుల్లో ఎక్కువ శాతం తెల్ల ప్లేటువే, అంటే సొంత వాడకానికి రిజిస్టర్ చేసినవే. అందరూ తిప్పుతున్నారు కదా అని మనమూ తిప్పితే, పట్టుకున్న రోజున ఆ అందరూ మన జరిమానా కట్టరు.

ఈ చిక్కు కేంద్రానికీ తెలుసు. బైకులు కూడా కాంట్రాక్ట్ క్యారేజ్ (కిరాయి మాట్లాడుకుని ప్రయాణికులను తీసుకెళ్లే బండి) నిర్వచనంలోకి వస్తాయని, పర్మిట్ దరఖాస్తులు తీసుకోవాలని 2024 జనవరిలో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు సలహా పంపింది. అగ్రిగేటర్లకు, అంటే ప్రయాణికులను బండ్లతో కలిపే యాప్ కంపెనీలకు, 2025 జులై 1న వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకేసి, తెల్ల ప్లేటు బైకులను కూడా యాప్ ద్వారా ప్రయాణికుల కోసం వాడుకోనివ్వొచ్చని చెప్పాయి. అయితే ఆ అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్ర ప్రభుత్వం ఇష్టం.

రాష్ట్రం ఇష్టం అంటే ఎలా ఉంటుందో కర్ణాటకను చూస్తే తెలుస్తుంది. హైకోర్టు ఉత్తర్వు కారణంగా 2025 జూన్ 16 నుంచి బెంగళూరులో బైక్ ట్యాక్సీలు ఆగిపోయాయి. ఆ కేసు అప్పీలుకు వెళ్లింది, వాదనలు నడిచాయి. కానీ జూన్ 16 పొద్దున ఈఎంఐ మీద బండి కొన్నవాడికి అప్పీలుతో ఏం పని? ఢిల్లీ 2023లో ఒకసారి ఆపేసింది, తర్వాత తెచ్చిన స్కీమ్‌లో బైక్ ట్యాక్సీ అంటే ఎలక్ట్రిక్ బండే అని పెట్టింది. మహారాష్ట్ర కూడా ఎలక్ట్రిక్ దారే పట్టింది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. మీ ఆర్టీవో ఆఫీసుకు ఒకసారి స్వయంగా వెళ్లండి. మూడే ప్రశ్నలు అడగండి: తెల్ల ప్లేటు బైకుతో యాప్‌లో ప్యాసింజర్‌ను ఎక్కించుకోవడానికి ఇప్పుడు మన దగ్గర అనుమతి ఉందా? నా బండిని ట్రాన్స్‌పోర్ట్ కిందికి మార్చుకోవాలంటే ఏ కాగితాలు, ఎంత ఫీజు, ఎంత ట్యాక్స్? ఈ యాప్ కంపెనీకి ఇక్కడ అగ్రిగేటర్ లైసెన్స్ ఉందా? యాప్ హెల్ప్‌లైన్‌ను అడిగితే "ఏం కాదు సార్, మీరు స్టార్ట్ చేయండి" అనే చెబుతారు. వాళ్ల పని అది.

ఎలక్ట్రిక్ బండి ఆలోచన ఉంటే ఒక వెసులుబాటు ఉంది. బ్యాటరీతో నడిచే ట్రాన్స్‌పోర్ట్ వాహనాలకు పర్మిట్ అక్కర్లేదని కేంద్రం 2018 అక్టోబర్‌లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. పర్మిట్ అక్కర్లేకపోయినా రిజిస్ట్రేషన్ మాత్రం ట్రాన్స్‌పోర్ట్ కిందే చేయించాలి, అప్పుడు ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు వస్తాయి. సొంత వాడకం ఈవీకైతే అదే ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు. తెలంగాణలో 2024 నవంబర్‌లో వచ్చిన ఈవీ పాలసీ 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది. కొనేముందు మీ రూమ్ దగ్గర చార్జింగ్ పెట్టుకోనిస్తారో లేదో ఓనర్‌ను అడగండి. మూడో అంతస్తు పెంట్‌హౌస్‌లో ఉంటూ, కింద ప్లగ్ లేని బిల్డింగ్‌లో ఈవీ పెట్టుకుంటే రోజూ టెన్షనే.

2. కాగితాలు: లైసెన్స్ సంగతి చిన్నది, ఇన్సూరెన్స్ సంగతి పెద్దది

గేరు బండికి సరిపోయే పక్కా లైసెన్స్ ఉండాలి. ఎల్‌ఎల్‌ఆర్ మీద మనిషిని ఎక్కించుకుని తిప్పకండి. ఆధార్‌లో, లైసెన్స్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా ఉందా చూడండి. ఇంటి పేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండి వెరిఫికేషన్ ఆగిపోవడం మన తెలుగువాళ్లకు మామూలే. పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీ, పెండింగ్ చలాన్లు చూసి క్లియర్ చేసుకోండి. అన్నీ డిజిలాకర్‌లో పెట్టుకుంటే రోడ్డు మీద చూపించడం తేలిక.

రిజిస్ట్రేషన్ ఫీజనో, బ్యాగు, టీషర్ట్ డిపాజిటనో చెప్పి ఫోన్ చేసేవాళ్లకు డబ్బు పంపకండి, ఓటీపీ చెప్పకండి. యాప్‌లో ఉన్న దారిలోనే చేరండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఇంకొకరి ఐడీ అద్దెకు తీసుకుని నడిపే పద్ధతి కూడా ఒకటి నడుస్తోంది. దాని జోలికి అస్సలు పోవద్దు. ఏదైనా జరిగితే ఆ ట్రిప్‌లో మీరు ఉన్నట్టే లెక్క ఉండదు, పైగా కేసు.

ఇక ఇన్సూరెన్స్. మీ బండి పాలసీ తీసి, పేజీలు తిప్పి, వాడకంపై పరిమితులు అని ఉన్న చోట ఏం రాశారో చదవండి. సొంత వాడకం పాలసీ అయితే, కిరాయికి గానీ ప్రతిఫలానికి గానీ వాడితే వర్తించదు అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో ఏం జరుగుతుందో విడమర్చి చెబుతాను.

ట్రిప్‌లో ఉండగా బండి పడి మీ బండి పాడైందనుకోండి. కిరాయికి తిప్పుతున్నారని తేలితే రిపేరు క్లెయిమ్ తిప్పికొడతారు. అది చిన్న నష్టం. వెనక కూర్చున్న మనిషికి కాలు విరిగి, ఆయన ట్రిబ్యునల్‌లో పరిహారం కోసం కేసు వేశారనుకోండి. పాలసీ షరతు ఉల్లంఘించారు కాబట్టి మాకు బాధ్యత లేదని బీమా కంపెనీ వాదిస్తుంది. ఇలాంటి కేసుల్లో ముందు బాధితుడికి కట్టమని, తర్వాత బండి ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు బీమా కంపెనీకి చెప్పిన సందర్భాలు ఉన్నాయి. ఓనర్ అంటే మీరో, మీ నాన్నో. లక్షల్లో ఉండే ఆ మొత్తం మీ ఇంటి మీద పడుతుంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్న పాలసీలో వెనక కూర్చున్నవాళ్లకు అసలు కవరే ఉండకపోవచ్చు.

అందుకని యాప్‌లో చేరేముందే బీమా కంపెనీకి ఈమెయిల్ పెట్టండి: "ఈ బండిని బైక్ ట్యాక్సీగా వాడాలనుకుంటున్నాను, దానికి సరిపోయే పాలసీ ఏది, ప్రీమియం ఎంత?" ఫోన్‌లో ఏజెంట్ చెప్పింది రేపు సాక్ష్యానికి పనికిరాదు. యాప్ కంపెనీ "మా రైడర్లకు ఇన్సూరెన్స్ ఉంది" అంటే, ఆ పాలసీ కాపీ అడగండి. ఆర్డర్ యాక్సెప్ట్ చేసినప్పటి నుంచి వర్తిస్తుందా, ప్యాసింజర్ ఎక్కాకేనా? పికప్‌కు వెళ్తుండగా జరిగితే? ఆస్పత్రి ఖర్చులు ఎంతవరకు? పని చేయలేని రోజులకు ఏమైనా ఇస్తారా? జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

బండి పాలసీతో పాటు వచ్చే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ బండి ఓనర్ పేరు మీద ఉంటుంది. నాన్న పేరు మీద ఉన్న బండి మీరు నడిపితే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. మీ పేరు మీద వేరే యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. కనీసం బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన అయినా తీసుకోండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం వచ్చినా 2 లక్షలు. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా అయితే 436 రూపాయలు, ఏ కారణంతో పోయినా ఇంట్లోవాళ్లకు 2 లక్షలు. రెండూ కలిపి ఏడాదికి 456. నామినీ పేరు రాయించడం మర్చిపోకండి.

3. కిలోమీటరుకు మీకెంత పడుతుందో లెక్క కట్టండి

రైడర్లను "రోజుకు ఎంత వస్తుంది?" అని అడిగితే యాప్‌లో కనిపించే అంకె చెబుతారు. అది వసూలు. మిగిలేది వేరు.

ఒక ఉదాహరణ చూద్దాం, అంకెలు మీ బండికి తగ్గట్టు మార్చుకోండి. 110 సీసీ బండి, సిటీ ట్రాఫిక్‌లో లీటరుకు 50 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 107 అనుకుంటే కిలోమీటరుకు 2 రూపాయల 14 పైసలు. ఇంజిన్ ఆయిల్, టైర్లు, చైన్ స్ప్రాకెట్, బ్రేక్ షూలు, అప్పుడప్పుడు క్లచ్ ప్లేట్లు అన్నీ కలిపి కిలోమీటరుకు ఒక 55 పైసలు వేసుకోండి. 85,000 పెట్టి కొన్న బండిని 60,000 కిలోమీటర్లు తిప్పి 35,000కు అమ్మితే అరిగిపోయింది 50,000. అంటే కిలోమీటరుకు 83 పైసలు. మొత్తం కలిపితే కిలోమీటరుకు మూడున్నర రూపాయలు.

ఇప్పుడు రోజుకు 120 కిలోమీటర్లు తిరిగారనుకోండి. అందులో ప్యాసింజర్ ఉన్నది 80 మాత్రమే కావొచ్చు. పికప్‌కు వెళ్లేది, ఖాళీగా వెనక్కి వచ్చేది మిగతా 40. ఖర్చు మాత్రం 120కీ పడుతుంది: 420 రూపాయలు. యాప్ కోత పోగా చేతికి 900 వస్తే మిగిలింది 480. టీ, టిఫిన్, ఫోన్ డేటా ఒక 90 తీసేయండి. పది గంటలు రోడ్డు మీద ఉంటే గంటకు 39 రూపాయలు.

ఈ 39 చూసి వెంటనే వద్దనుకోనక్కర్లేదు. కోచింగ్ తర్వాత సాయంత్రం మూడు గంటలు, డిమాండ్ ఉన్న టైమ్‌లో, మీ రూమ్ చుట్టుపక్కల నడిపితే గంటకు మిగిలేది దీనికంటే బాగుంటుంది, ఎందుకంటే ఖాళీ తిరుగుడు తక్కువ. పార్ట్‌టైమ్‌గా ఈ పని కలిసొచ్చినంతగా ఫుల్‌టైమ్‌గా కలిసిరాదన్నది నా అభిప్రాయం. రోజుకు పన్నెండు పద్నాలుగు గంటలు కూర్చుంటే వచ్చే నడుం నొప్పి ఏ లెక్కలోనూ కనపడదు. 2020 నాటి కేంద్ర మార్గదర్శకాలు అన్ని యాప్‌లూ కలిపి రోజుకు 12 గంటలకు మించి లాగిన్ ఉండకూడదని, తర్వాత 10 గంటలు విశ్రాంతి ఉండాలని చెప్పింది ఊరికే కాదు.

ఇన్సెంటివ్ కోసం పరిగెత్తేటప్పుడు కూడా ఇదే లెక్క వేయండి. "ఇంకో మూడు ట్రిప్పులు చేస్తే 120 బోనస్" అని వస్తుంది. ఆ మూడూ దొరికేసరికి రాత్రి పదకొండున్నర అవుతుంది, మధ్యలో ఖాళీగా 25 కిలోమీటర్లు తిరిగితే అందులోంచి దాదాపు 90 అక్కడే పోతుంది.

యాప్‌లలో కొన్ని ప్రతి ట్రిప్ మీద కమిషన్ తీసుకుంటాయి, కొన్ని రోజువారీ ఫీజు కట్టించుకుంటాయి. రోజుకు మూడు గంటలే నడిపేవాళ్లకు రోజువారీ ఫీజు బరువవుతుంది. 2025 మార్గదర్శకాల ప్రకారం సొంత బండి ఉన్న డ్రైవర్‌కు చార్జీలో కనీసం 80 శాతం రావాలి. వారానికి ఒక ట్రిప్ తీసి, ప్యాసింజర్ కట్టిందెంత, మీకొచ్చిందెంత అని చూస్తూ ఉండండి.

ఈ పని కోసమే కొత్త బండి అప్పు మీద కొనాలా? వద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, రేట్లు కొంచెం దిగాయి, నిజమే. అయినా ఈ పని ఆగిపోయినా ఈఎంఐ కట్టగలను అనుకుంటేనే కొనండి.

4. బండి, హెల్మెట్లు

టైరు గాట్లు, బ్రేకులు, చైన్ టైటు, హారన్, ఇండికేటర్లు చూసుకోండి. ఫోన్ హోల్డర్ మంచిది పెట్టించండి, వానకు ఒక ప్లాస్టిక్ కవర్. వెనక ఫుట్‌రెస్టులు, చీర కట్టుకున్నవాళ్ల కోసం శారీ గార్డ్ ఉండాలి. చున్నీ చైన్‌లో పడి జరిగే ప్రమాదాలు మన దగ్గర తక్కువేం కాదు. ఎక్కగానే "మేడమ్, చున్నీ చూసుకోండి" అని ఒక మాట చెప్పడం అలవాటు చేసుకోండి.

హెల్మెట్ రెండు కావాలి, రెండింటికీ ఐఎస్ఐ మార్కు ఉండాలి. హెల్మెట్ లేకపోతే 194డి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్ సస్పెండ్ చేసే అవకాశం కూడా ఉంది. లైసెన్స్ సస్పెండ్ అయితే మీ పని ఆగినట్టే. వెనకవాళ్ల హెల్మెట్ చాలామంది పెట్టుకోరు, చేతికి తగిలించుకుని కూర్చుంటారు. దానికో కారణం చెమట వాసన. లోపలి స్పాంజ్ ఊడదీసి వారానికోసారి ఉతకండి, బ్యాగులో వాడి పారేసే తల టోపీలు ఒక ప్యాకెట్ పెట్టుకోండి. టోపీ ఇచ్చి హెల్మెట్ ఇస్తే కాదనేవాళ్లు తక్కువ. క్లిప్ పెట్టారా అని చూశాకే బండి కదపండి. పట్టీ పెట్టని హెల్మెట్ పడగానే ఎగిరిపోతుంది.

5. రోడ్డు మీద

హైదరాబాద్‌లో పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదకొండు, సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిది గట్టి టైమ్. మెట్రో స్టేషన్ల నుంచి ఆఫీసులకు, కాలేజీలకు వెళ్లే చిన్న ట్రిప్పులు వరుసగా దొరుకుతాయి. రాయదుర్గం, హైటెక్ సిటీ, మియాపూర్, అమీర్‌పేట్, ఎల్బీ నగర్, ఉప్పల్ లాంటి చోట్ల. దూరం ట్రిప్ పెద్ద అంకె చూపిస్తుంది గానీ శివార్లలో దింపాక వెనక్కి ఖాళీగా రావాలి. 2025 మార్గదర్శకాల్లో కనీస చార్జీ 3 కిలోమీటర్లకు లెక్కగట్టాలన్నది ఈ ఖాళీ తిరుగుడు కోసమే.

మ్యాప్ చెప్పిన దారి గుడ్డిగా పట్టుకోకండి. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికి టూవీలర్లకు అనుమతి లేదు, ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ లేన్లలోకీ లేదు. మ్యాప్‌లో టూవీలర్ మోడ్ పెట్టుకోకపోతే మెహిదీపట్నం నుంచి ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్లేటప్పుడు సరిగ్గా అక్కడికే తీసుకెళ్తుంది.

రైల్వే స్టేషన్లు, బస్టాండ్ల దగ్గర ఆటోవాళ్లతో గొడవలవుతాయి. వాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు. పర్మిట్, ఫిట్‌నెస్, ట్యాక్స్ అన్నీ కట్టి వాళ్లు లైన్‌లో నిలబడితే తెల్ల ప్లేటు బైకు వచ్చి ప్యాసింజర్‌ను ఎత్తుకుపోతుంది. పైగా తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చాక వాళ్ల గిరాకీ ముందే తగ్గింది. ఆటో స్టాండ్ ముందు ఆపకండి. ప్యాసింజర్‌కు ఫోన్ చేసి కాస్త ముందుకు, వెలుతురు ఉన్న చోటికి రమ్మనండి. మాట పెరిగితే ట్రిప్ వదిలేసి వచ్చేయండి.

"అన్నా, యాప్‌లో క్యాన్సిల్ చేస్తా, డైరెక్ట్‌గా ఇచ్చేస్తా" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. కమిషన్ మిగులుతుంది కదా అనిపిస్తుంది. ట్రిప్ క్యాన్సిల్ అయిన క్షణం నుంచి కంపెనీ ఇన్సూరెన్స్ లేదు, ఎవరు ఎక్కారన్న రికార్డు లేదు. "ఐడీ పోతది సార్" అని నవ్వుతూ చెప్పేయండి.

ఆడవాళ్లు ఎక్కినప్పుడు సడన్ బ్రేకులు వేయకుండా నడపడం, అద్దం రోడ్డు కోసమే వాడటం, ట్రిప్ అయ్యాక ఆ నంబర్‌కు మెసేజ్ పెట్టకపోవడం. వీటిలో ఏది తప్పినా ఐడీ ఒక్కటే పోదు, పోలీస్ కేసు అవుతుంది. రాత్రిపూట గేటు లోపలికి వెళ్లేదాకా ఒక నిమిషం ఆగితే మంచిదే, కానీ గేటు దాకా వెంట వెళ్లకండి.

యాప్‌లో పార్సిల్ ఆర్డర్ వస్తే, తీసుకునేటప్పుడు లోపల ఏముందో అడగండి, వీలైతే తెరిచి చూపించమనండి. చూపించనంటే క్యాన్సిల్ కొట్టండి. గంజాయి ప్యాకెట్‌తో దొరికితే "నాకు తెలియదు సార్" అన్నమాట నమ్మించడానికి చాలా కాలం పడుతుంది.

6. యాక్సిడెంట్ అయితే

ముందు మనుషులను పక్కకు తీసుకురండి, 108కి ఫోన్ చేయండి. తలకు, మెడకు దెబ్బ తగిలితే హెల్మెట్ లాగేయకండి. రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత వైద్యం పథకం 2025 మే నుంచి అమల్లో ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల దాకా ఇందులో వైద్యం అందుతుంది. ఆస్పత్రిలో చేరేటప్పుడే ఈ పథకం పేరు చెప్పి అడగండి.

ఇంకో ముఖ్యమైన పని: యాప్‌లో ట్రిప్ ఎండ్ చేయకండి. కంగారులో చాలామంది ముందు ఫోన్ తీసి ట్రిప్ ముగించేస్తారు. ట్రిప్ నడుస్తుండగా స్క్రీన్‌షాట్ తీయండి, అందులో టైమ్, ట్రిప్ నంబర్, లొకేషన్ కనపడాలి. బండ్లు పడి ఉన్న తీరు, ఎదుటి బండి నంబర్, రోడ్డు మీద గుంత ఉంటే ఆ గుంత, ఫొటోలు తీయండి. మీ చేతకాకపోతే పక్కన ఉన్నవాళ్లను అడగండి. తర్వాత యాప్‌లో ఎమర్జెన్సీ బటన్ నొక్కి కంప్లయింట్ నంబర్ తీసుకోండి. పోలీస్ స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆస్పత్రిలో మెడికో లీగల్ కాగితం (పోలీస్ కేసు కోసం డాక్టర్ గాయాల గురించి రాసేది) అడిగి తీసుకోండి. "ఇక్కడే సెటిల్ చేసుకుందాం" అని వెయ్యో రెండు వేలో చేతిలో పెడితే ఒప్పేసుకోకండి. లోపలి దెబ్బలు రెండు రోజుల తర్వాత బయటపడతాయి.

గుద్దిన బండి ఆగకుండా వెళ్లిపోతే ప్రభుత్వ పరిహారం ఉంది: ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50,000. ఎఫ్‌ఐఆర్ లేకుండా ఇది రాదు.

7. మీకు రావాల్సినవి అడగండి, ఒక్కరే కాకుండా

ముందు అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో ప్లాట్‌ఫామ్ వర్కర్‌గా పేరు ఎక్కించుకోండి. ఆధార్‌కు లింకైన ఫోన్ ఉంటే చాలు, డబ్బు కట్టక్కర్లేదు, సందేహముంటే 14434. గిగ్ వర్కర్లకు, అంటే మీలా జీతం లేకుండా ఆర్డర్ల లెక్కన పనిచేసేవాళ్లకు, ఈ నమోదు ద్వారా గుర్తింపు కార్డు, ఆయుష్మాన్ భారత్ కింద ఆరోగ్య బీమా ఇస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. సామాజిక భద్రత కోడ్, 2020 ప్రకారం యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం కార్మికుల నిధికి కట్టాలి. 2025 నవంబర్ 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది.

తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో గిగ్ వర్కర్లకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. 2025 ఏప్రిల్‌లో గిగ్, ప్లాట్‌ఫామ్ వర్కర్ల బిల్లు ముసాయిదాను జనం ముందు పెట్టి అభిప్రాయాలు అడిగింది. రాజస్థాన్ 2023లోనే ఇలాంటి చట్టం చేసింది, కర్ణాటక 2025లో చేసింది. ఇలా ముసాయిదా వచ్చినప్పుడు అభిప్రాయం పంపడానికి ఒక ఈమెయిల్ చాలు, తెలుగులో రాసినా ఫర్వాలేదు. "మాకు న్యాయం చేయాలి" అని ఊరికే రాయకుండా, ఐడీ బ్లాక్ చేసేముందు కారణం, నోటీసు ఇవ్వాలని, పికప్ దూరానికి డబ్బు ఇవ్వాలని, మెట్రో స్టేషన్ల దగ్గర నీడ, టాయిలెట్, ఆపుకోవడానికి చోటు కావాలని, తెల్ల ప్లేటు విషయంలో స్పష్టమైన జీవో కావాలని విడివిడిగా రాయండి. మీ దగ్గరున్న స్క్రీన్‌షాట్లు జతచేయండి.

టాయిలెట్ విషయం ముఖ్యంగా ఆడవాళ్లు ఈ పనిలోకి రావడానికి పెద్ద అడ్డంకి. బయటకి ఎవరూ మాట్లాడరు గానీ, పొద్దున నుంచి నీళ్లు తాగకుండా నడిపేవాళ్లు ఉన్నారు.

ఐడీ బ్లాక్ అయితే ముందు యాప్‌లో టికెట్ వేయండి, అదే విషయం కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఈమెయిల్ చేయండి. తేదీ, ట్రిప్ నంబర్, మీ వివరణ, నాలుగు వాక్యాలు చాలు. తిట్లు వద్దు. జవాబు రాకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మీ ఏరియాలో యూనియన్ ఉంటే సభ్యత్వం తీసుకోండి. ఒక్కడు వెళ్తే సెక్యూరిటీ గార్డు దగ్గరే ఆగిపోతాడు, ముప్పై మంది వెళ్తే లోపలి నుంచి ఎవరో ఒకరు వస్తారు.

8. మానేసేటప్పుడు

చేరిన రోజే ఒక తేదీ రాసుకోండి: పరీక్ష అయ్యేదాకానో, కోర్సు ఫీజు కట్టేదాకానో. రోజూ కిలోమీటరుకు 83 పైసలు బండి అరుగుదల కింద వేరే ఖాతాలో వేస్తూ పోతే, ఆపే రోజుకు బండి మార్చుకునే డబ్బు కొంత చేతిలో ఉంటుంది.

ఆపేశాక యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే సరిపోదు. ఖాతా మూసేయమని రాతపూర్వకంగా అడగండి, వాలెట్‌లో మిగిలిన డబ్బు బ్యాంకుకు పంపించుకోండి, నెలవారీ సంపాదన స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. రేపు బ్యాంకు లోన్‌కు ఆదాయం చూపించమంటే అవే ఆధారం. బండి అమ్మితే, ఓనర్ పేరు మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు చేయించి, అప్పు ఉంటే అది తీరిందని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, 35వ ఫారం తీసుకుని, ఆర్సీ కొన్నవాడి పేరు మీదికి మారేదాకా వదలకండి. మారకపోతే అతను వేసే ప్రతి ట్రిప్‌కు, అతనికి పడే ప్రతి చలాన్‌కు కాగితం మీద ఓనర్ మీరే.